కెమెరాకు ఋతువులు తెలియవు

నా హార్డ్ డిస్కులో "2018 జనవరి" అన్న ఫోల్డరులో ఒక ఫోటో ఉంది. అందులో సవ్యంగా ఉన్నదంటూ ఏదీ లేదు. తెల్లగా ఉండాల్సిన మంచు సిమెంటు రంగులో ఉంది. మధ్యలో ఎగిరిపోతున్న గుడ్లగూబ వీపు మాత్రమే కనిపిస్తుంది, అదీ బూడిద రంగులో. ఫోల్డర్లు సర్దుకున్న ప్రతిసారీ దాన్ని తుడిచేద్దామనుకుంటాను గాని ఇంతవరకూ తుడవలేదు. ఆ ఒక్క ఫోటోలో రెండు తప్పులున్నాయి. ఒకటి కెమెరా చేసింది, రెండోది నేను చేసింది. కెమెరా తప్పును సరిదిద్దుకోవడానికి ఒక సాయంత్రం సరిపోయింది. నా తప్పుకు ఒక ఏడాది పట్టింది. ఈ వ్యాసంలో ఆ రెండింటి గురించీ చెప్పడానికి ప్రయత్నిస్తాను.

వారమంతా క్లయింటు ఆఫీసులో కూర్చుని, శనివారం పొద్దున్నే కెమెరా భుజాన వేసుకుని బయలుదేరే మనవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న "ఏ కెమెరా కొనమంటావు?" అని. నా సలహా ఒకటే. ఉన్న కెమెరాతో ఒకే చోటికి ఏడాది పొడుగునా వెళ్ళండి. నా వరకు ఆ చోటు న్యూజెర్సీలో, అట్లాంటిక్ సిటీకి కాస్త ఎగువన ఉన్న ఎడ్విన్ బి. ఫోర్సైత్ నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్. ఎడిసన్‌లోని మా అపార్ట్‌మెంట్ నుంచి గంటన్నర ప్రయాణం. సముద్రపు ఆటుపోట్లు వచ్చిపోయే ఉప్పు చిత్తడి నేల, దాని పక్కన కట్టలు పోసి నిలిపిన నీటి మడుగులు, ఆ కట్టల మీద కారులో చుట్టిరావడానికి 8 మైళ్ళ వన్‌వే మట్టిరోడ్డు. మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు మా నాన్న "చెరువు కట్ట మీద పోతున్నట్టుందిరా" అన్నారు. నిజంగా అలాగే ఉంటుంది, దూరాన కాసినో మేడలు కనిపించడం తప్పితే.

ముందుగా మీటరు సంగతి

కెమెరాలో వెలుతురును కొలిచే మీటరు ఒకటుంటుంది. ఎదురుగా ఉన్నది మంచా, మసిబొగ్గా అన్నది దానికి తెలియదు. వస్తువు మీద పడి తిరిగి వచ్చిన వెలుతురు ఎంతో మాత్రమే అది కొలుస్తుంది. అందుకని దాన్ని తయారుచేసినవాళ్ళు ఒక ఊహను అందులో స్థిరాంకంగా పెట్టేశారు. లోకంలో ఏ దృశ్యమైనా సగటున తన మీద పడ్డ వెలుతురులో సుమారు 18 శాతాన్ని వెనక్కి పంపుతుందని ఆ ఊహ. అది నడిమి బూడిద రంగు. పచ్చటి చెట్లు, ఇళ్ళు, మనుషులు ఉన్న మామూలు దృశ్యాలకు ఈ లెక్క బాగానే పనిచేస్తుంది.

కొత్తగా పడ్డ మంచు 80 శాతానికి పైగా వెలుతురును వెనక్కి పంపుతుంది. మీటరు దాన్ని చూసి, "అబ్బో, వెలుతురు మరీ ఎక్కువైపోయింది" అనుకుని తగ్గించేస్తుంది. ఎంతవరకు? తను నమ్మిన బూడిద రంగు వచ్చేదాకా. నా ఫోటోలో మంచు సిమెంటులా రావడానికి కారణం ఇదే. ప్రోగ్రాము రాసినట్టే నడిచింది. ఇన్‌పుట్ మాత్రం దాని ఊహకు అందనిది.

దీనికి విరుగుడు ప్రతి కెమెరాలోనూ ప్లస్, మైనస్ గుర్తులున్న బటన్. దాని పేరు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్. ఒక స్టాపు పెంచితే వెలుతురు రెట్టింపవుతుంది. 18ని రెండుసార్లు రెట్టింపు చేస్తే 72 కదా, అంటే లెక్క ప్రకారం మంచుకు దాదాపు రెండు స్టాపులు కావాలి. కానీ మన దృశ్యంలో సముద్రం, ఎండిన గడ్డి కూడా కొంత ఉంటాయి, ఈ కాలపు మీటర్లు కూడా దృశ్యాన్ని బట్టి కొంత సర్దుకుంటాయి. కాబట్టి ప్లస్ 1తో మొదలుపెట్టి, ప్లస్ 1.7 దాకా పోయి చూడండి.

సరిపోయిందా లేదా అన్నది కెమెరా వెనుక తెరమీద బొమ్మను చూసి తేల్చకండి. ఎండలో అది మసకగాను, చీకట్లో మరీ ప్రకాశంగాను కనిపించి మోసం చేస్తుంది. హిస్టోగ్రాం చూడండి. ఎడమ చివర నలుపు, కుడి చివర తెలుపు. మంచు ఉన్న ఫోటోలో గుట్ట కుడివైపుకు జరిగి ఉండాలి, కాని కుడి గోడకు గుద్దుకోకూడదు. గుద్దుకుందంటే అక్కడి వివరం పోయినట్టే, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తిరిగి తేలేదు.

ఫోటోలు రా ఫార్మాట్‌లో తీయమని చెప్పేది కూడా ఇందుకే. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 8 బిట్లు, అంటే 256 మెట్లు. 14 బిట్ల రా ఫైలులో 16,384 మెట్లు. పొరపాటున ఒక స్టాపు అటూ ఇటూ అయినా తరువాత సర్దుకోవడానికి చోటుంటుంది. డిస్కు ఎక్కువ తింటుంది, నిజమే. అందరికీ బ్యాకప్ పాఠాలు చెప్పే మనం మన ఫోటోలకు మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి ఇంటికి దూరంగా అన్న పద్ధతి పాటించకపోతే ఎలా?

శీతాకాలం: ఆ రోజు జరిగింది

2018 జనవరి మొదట్లో న్యూజెర్సీ తీరాన్ని పెద్ద మంచు తుఫాను ముంచింది. అప్పటికి మాకు పాప పుట్టి నెలే అయింది. అమ్మానాన్నలు సూళ్ళూరుపేట నుంచి వచ్చి మాతో ఉన్నారు. అమ్మకు పాపతో క్షణం తీరిక లేదు. నాన్నకేమో కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూడటం తప్ప పని లేదు. అందుకని రోడ్లు బాగుపడ్డాక ఒక ఆదివారం ఆయన్ని తీరానికి తీసుకెళ్ళాను. అక్కడొక ఇసుక దిబ్బ మీద మంచు గుడ్లగూబ కనిపించింది. ఆర్కిటిక్ ప్రాంతంలో గూడుపెట్టే ఈ పక్షి కొన్ని శీతాకాలాల్లో ఇంత దక్షిణానికి వస్తుంది. చెట్లులేని ఆ ఇసుక దిబ్బలు దానికి తన టండ్రా మైదానాల్లాగే ఉంటాయి కాబోలు, వాటి మీదే వాలుతుంది.

నా దగ్గర 400 మిల్లీమీటర్ల లెన్సు. పక్షి ఫ్రేములో చిన్నగా ఉంది. ఇంకాస్త దగ్గరకు పోతే బాగుంటుందనిపించింది. నాన్న కారులోనే ఉన్నారు. నేను దిగి పది అడుగులు వేసి ఆగాను. మరో పది. అంతదాకా సగం మూసుకున్న దాని కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి. ఒళ్ళు నిటారుగా చేసి నావైపే చూసింది. నేను దాన్ని అదృష్టం అనుకున్నాను. ఎంత చక్కగా పోజిచ్చిందో అనుకుంటూ ఇంకో నాలుగడుగులు వేశాను. లేచిపోయింది. నేను నొక్కిన ఒక్క ఫ్రేమే మొదట్లో చెప్పిన ఫోటో. దాని వెనకాల ఎక్కడినుంచో నాలుగైదు సీగల్స్ వచ్చి తరుముకుంటూ పోయాయి. కనుచూపు మేర దాకా అది ఎక్కడా వాలలేదు.

కారులోకి వచ్చాక నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత అన్నారు. "అది ఊరికే కూర్చోలేదురా. ఈ చలిలో ఒంట్లో సత్తువ దాచుకుని కూర్చుంది. నువ్వు దానికి లేని పని పెట్టావు."

నాన్న ముప్పై ఏళ్ళు బడిపంతులుగా చేశారు. మా సూళ్ళూరుపేటకు దగ్గర్లోనే నేలపట్టు ఉంది. చెరువు నీళ్ళలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టుకునే చోటు. "ఆ పిట్టల రెట్టలు కలిసిన నీళ్ళు పైరుకు బలం" అని అక్కడి రైతులు చెప్తారని, గూళ్ళ కాలంలో ఆ చెట్ల కిందికి పిల్లల్ని పోనివ్వరని నాన్న నా చిన్నప్పుడు చెప్పేవారు. ఆ మాటలు వింటూ పెరిగినవాణ్ణి, ఒక లెన్సు చేతికి రాగానే అన్నీ మరిచిపోయాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి మంచు ఎందుకు బూడిదగా వచ్చిందో చదువుకుని తెలుసుకున్నాను. పక్షి ఎందుకు లేచిపోయిందో తెలుసుకోవడానికి మాత్రం ఎక్కువ రోజులే పట్టింది. నేను పోజు అనుకున్నది హెచ్చరిక. కళ్ళు పెద్దవి చేయడం, నిటారుగా అవడం, మనవైపే తదేకంగా చూడటం, తింటున్నది ఆపేయడం, ఇవన్నీ "ఇక చాలు, ఆగు" అని చెప్పడమే. అప్పుడు ఆగడం కూడా చాలదు, రెండడుగులు వెనక్కి వేయాలి.

చలికాలానికి మరో రెండు చిన్న జాగ్రత్తలు. చలికి బ్యాటరీ త్వరగా చేతులెత్తేస్తుంది, రెండోదాన్ని కోటు లోపలి జేబులో ఒంటి వెచ్చదనానికి ఉంచుకోండి. తిరిగొచ్చాక కెమెరాను వెంటనే వెచ్చటి ఇంట్లో బయటకు తీస్తే లెన్సు లోపలా బయటా చెమ్మ పడుతుంది. బయటుండగానే జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి గట్టిగా మూసి, ఇంట్లోకి తెచ్చాక రెండు గంటలు దాని జోలికి పోకండి. మెమరీ కార్డు ముందే తీసి జేబులో వేసుకుంటే ఆ రెండు గంటలూ ఆగడం కష్టమనిపించదు.

వసంతం: వేగం, తొందరపడకపోవడం

మార్చి నెలలో చేపల గద్దలు, ఇక్కడివాళ్ళు ఆస్ప్రే అంటారు, దక్షిణాన్నుంచి తిరిగొస్తాయి. డీడీటీ వాడకం వల్ల ఒకప్పుడు ఈ తీరంలో ఇవి దాదాపు కనుమరుగయ్యాయి. అమెరికాలో 1972లో ఆ మందును నిషేధించాక, జనం చిత్తడి నేలల్లో గూళ్ళ కోసం ఎత్తయిన స్తంభాలు పాతిపెట్టాక మళ్ళీ పుంజుకున్నాయి. నీళ్ళలోకి కాళ్ళు చాచి దూకే ఆస్ప్రేను పట్టుకోవాలంటే షట్టరు వేగం 1/2000 సెకను ఉండాలి, ఫోకస్ నిరంతరంగా వెంబడించే పద్ధతిలో ఉండాలి. ఐఎస్ఓ 1600కు పెరిగినా భయపడకండి. కాస్త గరుకుగా ఉన్న ఫోటోను సాఫ్ట్‌వేరు బాగుచేస్తుంది, కదిలిపోయిన ఫోటోను బాగుచేయడం చాలా కష్టం.

మే నెల చివర్లో ఇక్కడినుంచి సుమారు గంట దూరంలో ఉన్న డెలావేర్ బే ఒడ్డుకు తప్పక వెళ్ళాలి. డైనోసార్లకంటే ముందునుంచీ భూమ్మీద ఉన్న హార్స్‌షూ పీతలు పౌర్ణమికి, అమావాస్యకు పోటు మీదున్న రాత్రుల్లో పెద్దసంఖ్యలో ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. ఆ గుడ్లకోసం రెడ్ నాట్ అనే చిన్న పక్షులు వస్తాయి. వీటిలో కొన్ని దక్షిణ అమెరికా కొసనున్న టియెర్రా డెల్ ఫుయేగో నుంచి ఆర్కిటిక్ దాకా ఎగురుతాయి. దారిలో డెలావేర్ బే దగ్గర దిగి, సుమారు రెండు వారాల్లో తమ బరువును దాదాపు రెట్టింపు చేసుకుంటేనే మిగిలిన ప్రయాణం సాగుతుంది. 2014 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం ఈ రకం రెడ్ నాట్‌ను ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది.

రెండు వారాలే గడువున్న ప్రాజెక్టులో రోజుకు నాలుగుసార్లు సర్వరు పడిపోతే ఎలా ఉంటుందో మనకు తెలుసు. ఆ గుంపును ఒకసారి లేపితే జరిగేది అదే. తినాల్సిన సమయం పోతుంది, తిన్నది ఎగరడానికి ఖర్చయిపోతుంది. అందుకే ఆ రోజుల్లో న్యూజెర్సీ వైపు ముఖ్యమైన బీచ్‌లలో మనుషుల రాకపోకలు ఆపేస్తారు, పక్కన చూడటానికి వీలైన చోట్లు ఉంటాయి. అక్కడ ట్రైపాడ్ వేసుకుని ఓపిగ్గా నిలబడితే, పోటు ఎక్కేకొద్దీ నీళ్ళే పక్షుల్ని మీ దగ్గరకు నెట్టుకొస్తాయి.

ఈ ఆటుపోటు లెక్క ఏడాది పొడుగునా పనికొస్తుంది. ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఈ శనివారం పొద్దున 7 గంటలకు వచ్చిన పోటు రేపు 7:50కి వస్తుంది. ఆటు సమయంలో పక్షులు దూరపు బురదనేలల మీద చెదిరి ఉంటాయి, పోటు వచ్చినప్పుడు కట్టల దగ్గరి మడుగుల్లోకి చేరతాయి. టైడ్ టేబుల్ చూసుకుని వెళ్ళేవాడికి చిన్న లెన్సు కూడా సరిపోతుంది.

వేసవి: మీటరు మళ్ళీ మోసపోతుంది

జూన్‌లో ఇక్కడ పగలు దాదాపు 15 గంటలు. సాయంత్రం ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కనుక శుక్రవారం ఆఫీసు నుంచి త్వరగా బయటపడితే చాలు. నల్లటి నీళ్ళలో నిలబడ్డ తెల్ల కొంగను తీసేటప్పుడు చలికాలపు అలవాటుతో ప్లస్ పెట్టారో, కొంగ తెల్లకాగితం అయిపోతుంది. ఫ్రేములో ఎక్కువ భాగం నలుపు కాబట్టి ఇక్కడ మీటరు తనంతట తానే వెలుతురు పెంచేస్తుంది. మైనస్ 0.7 నుంచి మైనస్ 1 దాకా తగ్గించాలి. పక్షి తెల్లనిదే, మంచూ తెల్లనిదే, సవరణ మాత్రం తలకిందులు. ఈ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుంటే మీటరు పాఠం మొత్తం అర్థమైపోతుంది.

పది దాటాక నేల వేడెక్కి గాలి నీళ్ళలా ఆడుతుంది. ఆ గాలిలోంచి దూరపు పక్షిని ఎంత ఖరీదైన లెన్సుతో తీసినా మసకగానే వస్తుంది. నేను ఒక వేసవంతా లెన్సు పాడైందనుకుని రిపేరుకు పంపుదామా అని ఆలోచించాను. లెన్సుకు ఏ జబ్బూ లేదు, నేను ఆలస్యంగా నిద్రలేవడమే జబ్బు. పైగా జులైలో గ్రీన్‌హెడ్ అనే ఈగలు కరుస్తాయి, జోరీగలకు బాబులాంటివి. దాంతో కారు దిగడం మానేశాను. అదే మంచిదైంది. మనిషి ఆకారం చూసి బెదిరే పక్షులు నిలిచి ఉన్న కారును చాలావరకు పట్టించుకోవు. ఇంజను ఆపి, కిటికీ అంచున చిన్న బియ్యపు సంచి వేసి, దానిమీద లెన్సు ఆనించండి. దానికి మించిన స్టాండు లేదు.

శరత్కాలం: నేల కోసం ఒక రోజు

అక్టోబరులో ఉప్పుగడ్డి అంతా వరి కోతలప్పటి పొలంలా బంగారు రంగుకు తిరుగుతుంది. పక్షులనుంచి దృష్టి మరల్చి నేలను తీయవలసిన కాలం ఇది. ట్రైపాడ్, ఐఎస్ఓ 100, అపెర్చర్ ఎఫ్/8 నుంచి ఎఫ్/11. పోలరైజర్ ఫిల్టరు ఉంటే సూర్యుడికి లంబకోణంలో నిలబడి తిప్పండి, గడ్డి మీది మెరుపు తగ్గి అసలు రంగు బయటపడుతుంది. వెడల్పాటి లెన్సు మీద మాత్రం వద్దు, ఆకాశం ఒకవైపు ముదురుగా, ఒకవైపు లేతగా వస్తుంది.

నవంబరు మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి పోతుంది. అక్కడితో ఆఫీసు తరువాత వెలుతురు అన్న మాటే ఉండదు, అయిదు లోపే చీకటి. సరిగ్గా ఆ రోజుల్లోనే స్నో గూస్ అనే తెల్ల బాతులు వేలకొద్దీ దిగుతాయి. అవి తమంతట తాము ఒక్కసారిగా లేచే ఘడియ కోసం చూడండి. 1/2000తో ఒక వరస, 1/15తో ఒక వరస తీయండి. రెండో దాంట్లో రెక్కలన్నీ గీతలై పారతాయి. ఎదురుచూడలేక హారన్ కొట్టి లేపినవాళ్ళను చూశాను. ఆ ఫోటోలో బాతులు ఎగురుతూనే ఉంటాయి, కాని అందులో ఉన్నది భయం.

ఇంటికి వచ్చాక

ప్రతి ఫోటోలోనూ తేదీ, షట్టరు, అపెర్చర్ వంటి వివరాలు దాగి ఉంటాయి. ఫోనుతో తీసినా, జీపీఎస్ ఉన్న కెమెరాతో తీసినా తీసిన చోటు కూడా ఉంటుంది. గూడు ఫోటోగాని, గుడ్లగూబ ఫోటోగాని నలుగురికీ పంపేముందు ఆ స్థలం వివరం తీసేయండి. మీరొక్కరు దూరంగా నిలబడినా, ఆ ఫైలు చూసి మరో యాభై మంది వస్తే ఫలితం ఏముంది? నేనొక స్ప్రెడ్‌షీటులో తేదీ, ఆటుపోటు, వెలుతురు, కనిపించిన పక్షులు రాసుకుంటాను. దాంట్లో ఈమధ్య చేర్చిన చివరి కాలమ్ పేరు "నా వల్ల లేచిందా?" అక్కడ "లేదు" అని రాసుకోవడం ఆ రోజు మంచి ఫోటో రావడంకంటే ఎక్కువ తృప్తినిస్తుంది.

ఈ మధ్య వచ్చిన కెమెరాలు పక్షి కంటిని తామే వెతికి పట్టుకుని ఫోకస్ చేస్తున్నాయి. మీటర్లూ తెలివి మీరుతున్నాయి. కెమెరా చేసే తప్పులు ఏటేటా తగ్గుతాయి. రెండో రకం తప్పుకు మాత్రం అప్‌డేట్ వచ్చే మార్గం లేదు.

మరో శీతాకాలంలో అలాంటి దిబ్బ మీదే మళ్ళీ ఒక మంచు గుడ్లగూబ కనిపించింది. ఈసారి కారు దిగలేదు. ప్లస్ 1.3 పెట్టి, కిటికీ మీద బియ్యపు సంచి పరిచి, రెండు గంటలు కూర్చున్నాను. పక్షి ఫ్రేములో చిటికెన వేలి గోరంత ఉంది. చుట్టూ తెల్లటి మంచు, వెనక బూడిద రంగు సముద్రం. కళ్ళు మూసుకునే ఉంది, ఒక్కసారి కూడా నావైపు చూడలేదు. సాయంత్రం ఆ ఫోటోను నాన్నకు వాట్సాప్‌లో పంపాను. అక్కడ తెల్లవారుజాము. కాసేపటికి జవాబు వచ్చింది.

"నిద్రపోతోంది గదా. బాగుందిరా."